మిత్రులు సూచించిన ఆల్బమ్‌ను వినే పద్ధతి, మార్కులు వేసే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాలలో ఉన్న తెలుగు సంగీతాభిమానుల మధ్య ఆల్బమ్‌ల ఇచ్చిపుచ్చుకోవడం ఒకే భాషలో సాగదు. ఒకరు తెలుగు భక్తిగీతాల పాత క్యాసెట్టును సూచిస్తే, మరొకరు పాటలుగా పాడే ఒడియా చంపూ కావ్యాల ఆల్బమ్‌ను, ఇంకొకరు పశ్చిమ ఒడిశాకు చెందిన సంబల్‌పురి పాటలను, కాలేజీ పిల్లలు హిందీ బృందాల కొత్త ఆల్బమ్‌లను పంపుతారు. వాటి వెనకే "విని, పదికి ఎన్ని మార్కులో చెప్పండి" అన్న మాట వస్తుంది. ఎన్నిసార్లు వినాలి, ఏడు మార్కులంటే అర్థమేమిటి, భాష పూర్తిగా రాని ఆల్బమ్‌కు మార్కులు వేయవచ్చా, తక్కువ వేస్తే పంపినవారు నొచ్చుకోరా అని పాఠకులు తరచుగా అడుగుతున్నందువల్ల ఈ పద్ధతిని వరుసగా రాస్తున్నాను.

ఇదంతా ఒక్క నియమం మీద నిలబడుతుంది: ఇతరుల మార్కు తెలియక ముందే మీ మార్కు కాగితం మీద పడాలి. ఆ మార్కు పంపిన మనిషికో, ఆ రోజు నెట్‌వర్కుకో, చెవిలోని ఇయర్‌ఫోన్‌కో కాకుండా ఆల్బమ్‌కే చెందేలా చూడడానికి మిగిలిన మెట్లన్నీ ఉపయోగపడతాయి.

1. సిఫారసు అందగానే అడగవలసినవి

చాలామంది ఒక పాట లింకు పంపి "ఈ ఆల్బమ్ వినండి" అంటారు. ఆ లింకును వెంటనే నొక్కకండి. మొదట ఆల్బమ్ పూర్తి పేరు, కళాకారుల పేర్లు, విడుదలైన సంవత్సరం, మొత్తం పాటల సంఖ్య అడిగి రాసుకోవాలి. ఒకే పేరుతో రెండు మూడు రూపాలు చలామణిలో ఉండడం మామూలే. మొదటి విడుదలలో ఎనిమిది పాటలుంటే, తర్వాతి ప్రచురణలో అదనపు పాటలు చేరి పన్నెండు కావచ్చు. మీరు పన్నెండు విని, పంపినవారు ఎనిమిదే విని ఉంటే, ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువులకు మార్కులు వేస్తున్నట్టే.

అది నిజంగా ఆల్బమేనా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఒక గాయకుడి పాత పాటలను ఏరి కంపెనీ వారు ఒకచోట చేర్చినది సంకలనం మాత్రమే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డులో ఒక్కో వైపు మూడు నిమిషాలకు కాస్త మించి పట్టేది కాదు. ఆ కాలపు పాటలన్నీ ఆ నిడివికి కుదించి పాడినవే. అటువంటి పాటల సంకలనం విని "చరణాలు మరీ పొట్టిగా ఉన్నాయి, పాటల మధ్య సంబంధం లేదు" అని మార్కులు తగ్గించడం న్యాయం కాదు. సంకలనాలకు పాటవారీ మార్కులు వేయండి, ఆల్బమ్ మార్కు వేయకండి.

పంపినవారిని అడగవలసిన వివరాలు ఇవి:

- ఆల్బమ్ పేరు, సంవత్సరం, పాటల సంఖ్య, మొత్తం నిడివి
- అది మొదటి విడుదలా, అదనపు పాటలు చేర్చిన ప్రచురణా
- ఏ భాష, ఏ సంప్రదాయం
- ఎందుకు సూచిస్తున్నారో ఒకటి రెండు వాక్యాలలో

అడగకూడనివి రెండున్నాయి: వారు వేసిన మార్కు, వారికి బాగా నచ్చిన పాట. మూడో పాట అద్భుతమని ముందే తెలిస్తే, మొదటి రెండు పాటలూ దాని కోసం ఎదురుచూడడంలోనే గడిచిపోతాయి.

2. వినే ముందు సిద్ధం చేసుకోవలసినవి

సమయంతో మొదలుపెట్టండి. ఎల్‌పీ (రెండు వైపులా పాటలుండే పెద్ద రికార్డు) కాలపు ఆల్బమ్‌లు సాధారణంగా 35 నుంచి 45 నిమిషాలుంటాయి, ఎందుకంటే ఒక్కో వైపు 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూగా పట్టేది. సీడీలో 74 నిమిషాలు పట్టడంతో తర్వాతి ఆల్బమ్‌లు పొడుగయ్యాయి. ఆల్బమ్ నిడివికి పది నిమిషాలు కలిపి ఆ వ్యవధిని ఖాళీగా ఉంచుకోవాలి. ఠాకురాణి యాత్ర అనే అమ్మవారి జాతర రోజులలో బరంపురంలోనూ, పెళ్ళిళ్ళ కాలంలో ఎక్కడైనా, మైకుసెట్ల మధ్య సాయంత్రం పూట వినాలని కూర్చోవడం వృథా. అటువంటప్పుడు తెల్లవారుజామున వినడమే మేలు.

తర్వాత నెట్‌వర్కు. కొండల మధ్య ఉన్న ఊళ్ళలో పాట మధ్యలో ఆగి ఆగి రావడం, నాణ్యత దానంతట అదే పడిపోవడం జరుగుతాయి. కాబట్టి సిగ్నల్ బాగున్న చోట ఆల్బమ్ మొత్తాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతలో నిమిషానికి దాదాపు ఒక మెగాబైటు ఖర్చవుతుంది, 320 కిలోబిట్లలో దాదాపు 2.4 మెగాబైట్లు. అంటే 45 నిమిషాల ఆల్బమ్‌కు మొదటి లెక్కన 43, రెండో లెక్కన 108 మెగాబైట్లు. మార్కులు వేయదలచినప్పుడు రెండోదే ఎంచుకోవాలి. తంబురా నాదం, తాళాల మోత వంటివి తక్కువ నాణ్యతలో ముందుగా చెడిపోతాయి.

ఇప్పుడు ఫోనులోని అమరికలు చూడండి. నా అభిప్రాయంలో తప్పుడు మార్కులకు కారణమైన వాటిలో సగం ఇక్కడే పుడతాయి.

- షఫుల్ ఆపివేయాలి
- ఒక పాట ముగింపును తర్వాతి పాట మొదలులో కలిపే క్రాస్‌ఫేడ్ ఆపివేయాలి
- ఆల్బమ్ అయిపోయాక వేరే పాటలను తెచ్చిపెట్టే ఆటోప్లే ఆపివేయాలి
- ఈక్వలైజర్‌ను, బేస్ పెంచే అమరికను మామూలు స్థితికి తేవాలి
- ఫోను మోగకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి

షఫుల్ ఎంత నష్టం చేయగలదో ఒక ఉదాహరణ చాలు. 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ" ఆల్బమ్‌లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్ కలిసి ఒక కాశ్మీరీ పశువుల కాపరి రోజును తెల్లవారు మొదలు రాత్రి దాకా రాగాల ద్వారా చెబుతాయి. మొదట ఆహిర్ భైరవ్ వంటి ఉదయరాగం రావడం ఆ వరుసలో భాగమే. షఫుల్‌లో వింటే రాత్రి వినిపించవలసిన రాగం ముందు వచ్చి, తెల్లవారడం మధ్యలో ఎక్కడో వస్తుంది. (1957లో కటక్ ఆకాశవాణిలో ఉద్యోగంలో చేరిన చౌరాసియాను ఒడిశా శ్రోతలు తమవాడిగానే చెప్పుకుంటారు, అది మార్కు పెంచడానికి కారణం కాకూడదు.)

ఇయర్‌ఫోన్ ఒకే చెవిలో పెట్టుకుని వినేవారు చాలామంది ఉన్నారు. స్టీరియో రికార్డింగులో కుడి ఎడమలకు వేర్వేరు శబ్దాలు పంచుతారు. 1960ల నాటి కొన్ని రికార్డులలో గొంతు ఒకవైపు, వాద్యాలు మరోవైపు ఉంటాయి. ఒక చెవితో విన్నవారు సగం ఆల్బమ్‌కే మార్కులు వేస్తారు.

శబ్దస్థాయిని మొదటి పాటలో ఒకసారి సరిచేసి, చివరి వరకు అదే స్థాయిలో ఉంచాలి. రెండు ఆల్బమ్‌లను పోల్చేటప్పుడు ఎక్కువ శబ్దంతో వినిపించినది మెరుగైనదిగా తోచడం మనిషి చెవికున్న బలహీనత. కొత్త ఆల్బమ్‌లు ఎక్కువ శబ్దంతో, పాతవి తక్కువ శబ్దంతో తయారై ఉంటాయి కాబట్టి, ఆప్‌లో శబ్దస్థాయిని సమానం చేసే అమరిక ఉంటే దాన్ని వాడండి, లేకపోతే చేత్తోనే సరిచూసుకోండి. చెవుల ఆరోగ్యం విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించే పరిమితి 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగమవుతుంది కాబట్టి 90 డెసిబెల్స్ వద్ద మిగిలేది 4 గంటలే. పక్కన కూర్చున్నవారికి మీ ఇయర్‌ఫోన్ పాట వినిపిస్తోందంటే స్థాయి ఎక్కువైనట్టే.

3. క్యాసెట్ నుంచి ఎక్కించిన ఆల్బమ్‌లకు అదనపు పరీక్ష

మన ప్రాంతంలో తిరిగే జగన్నాథ భజనలు, జననాలు అనే ఒడియా భక్తిపాటలు, తెలుగు హరికథలు, పల్లెపదాలు చాలావరకు క్యాసెట్ల నుంచి ఎవరో ఇంట్లో కూర్చుని ఫోనులోకో కంప్యూటరులోకో ఎక్కించినవి. అటువంటి వాటిలో టేపు వేగం తప్పడం మామూలు. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. అప్పుడు గాయకుడి గొంతు పీలగా, తాళం తొందరగా వినిపించి, "పాడడం రాదు" అన్న తప్పుడు నిర్ణయానికి వస్తాం.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. క్యాసెట్ పెట్టెలోని కాగితం మీద పాటల నిడివి అచ్చయి ఉంటే ఫోనులోని నిడివితో పోల్చండి. 30 నిమిషాలుండవలసిన వైపు 28 నిమిషాల 20 సెకన్లకే ముగిస్తే వేగం ఆరు శాతం ఎక్కువగా ఉందని అర్థం. కాగితం లేకపోతే అదే గాయకుడి మరో రికార్డింగుతో గొంతును పోల్చాలి. వేగాన్ని మార్చే సదుపాయమున్న ప్లేయర్‌లో శ్రుతి కూడా వేగంతో పాటు మారేలా ఎంచుకుని, సరిచేసిన తర్వాతే వినడం మొదలుపెట్టాలి.

టేపు సొద, ఎక్కించేటప్పుడు వచ్చిన గరగర ఆల్బమ్ లోపాలు కావు. వాటిని నోట్‌బుక్‌లో "ప్రతి నాణ్యత" అన్న వేరే పేరుతో రాయండి, మార్కు జోలికి పోనివ్వకండి.

4. మొదటిసారి వినడం: కలం పక్కన పెట్టి

మొదటిసారి మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆపకుండా వినాలి. నచ్చని పాటను దాటవేయకూడదు, నచ్చిన పాటను వెనక్కి తిప్పకూడదు. ఎల్‌పీ కాలపు ఆల్బమ్ అయితే ఒకవైపు ముగిసే చోట రెండు మూడు నిమిషాలు ఆగడం మంచిదే. ఆ విరామాన్ని లెక్కలో పెట్టుకునే అప్పట్లో పాటల వరుసను కూర్చేవారు.

వింటూ ఏమీ రాయకండి. వినడం అయిపోయిన వెంటనే, ఆల్బమ్ సమాచారం మళ్ళీ చూడకుండా, మూడు విషయాలు మాత్రం రాసుకోండి: గుర్తున్న పాటలు, ధ్యాస చెదిరిన చోటు, మొత్తంగా కలిగిన భావం. ఈ దశలో మార్కు వేయకూడదు. మొదటిసారికే తొమ్మిది వేసినవారు తర్వాత దాన్ని సమర్థించుకోవడానికే వింటారు, నాలుగు వేసినవారు మళ్ళీ వినరు.

5. రెండోసారి: పాటవారీ పట్టిక

మరుసటి రోజో ఆ తర్వాతో రెండోసారి కూర్చోండి. ఈసారి కాగితం మీద నాలుగు గడులు గీసుకోవాలి: పాట పేరు, నిడివి, పదికి మార్కు, కారణం చెప్పే ఒక వాక్యం. పాటను ఆపి వెనక్కి తిప్పి వినవచ్చు.

కారణం రాయడంలోనే ఎక్కువమంది తడబడతారు. "బాగుంది", "హాయిగా ఉంది" అన్నవి కారణాలు కావు. ఎక్కడ, ఏది, ఎలా అన్న మూడూ వాక్యంలో ఉండాలి. "రెండో చరణం ముందు డోలక్ ఆగి వేణువు ఒంటరిగా మిగిలిన చోట పాట ఊపిరి పీల్చుకుంది" అన్నది కారణం. "పల్లవి ఆరుసార్లు ఏ మార్పూ లేకుండా తిరిగి వచ్చింది, చివరి రెండూ అనవసరం" అన్నది కూడా కారణమే. అటువంటి వాక్యం దొరకని పాటకు మార్కు వేయకుండా ఖాళీ వదిలి మూడోసారికి అట్టిపెట్టండి.

వినేటప్పుడు ఈ క్రమంలో దృష్టి పెడితే గందరగోళం ఉండదు:

- గాత్రం లేదా ప్రధాన వాద్యం: శ్రుతి, స్పష్టత, భావం
- బాణీ: పల్లవికీ చరణానికీ ఉన్న సంబంధం, గుర్తుండే గుణం
- లయ, తాళం: పాట నడకకు సరిపోయిందా
- వాద్యాల కూర్పు: ఒకదాన్నొకటి మింగకుండా వినిపిస్తున్నాయా
- సాహిత్యం: తెలిసిన భాష అయితేనే

6. భాష పూర్తిగా రాని ఆల్బమ్ వచ్చినప్పుడు

సరిహద్దు జిల్లాలలో అన్నిటికంటే ఎక్కువగా తప్పుడు మార్కులు పడేది ఇక్కడే, అందువల్ల దీన్ని కొంచెం విడమరచి చెప్పాలి.

బరంపురం తెలుగువారిలో బజారులో ఒడియా అనర్గళంగా మాట్లాడేవారే ఎక్కువ. కాని బజారు ఒడియా వేరు, చంపూ, ఛాందాల వంటి పాత గేయరచనలలోని కావ్య భాష వేరు. సగం మాటలు తెలిసిన శ్రోత, తెలియని సగం గురించి తనకు తెలియకుండానే ఊహిస్తాడు. భాష బొత్తిగా రానివారి కంటే ఈ సగం వచ్చినవారే ఎక్కువ పొరపడతారని నేను అనుకుంటాను, ఎందుకంటే మొదటివారు సంగీతాన్నైనా శ్రద్ధగా వింటారు.

మొదటి మెట్టు: అర్థం కోసం ప్రయత్నించకుండా ఒకసారి పూర్తిగా వినండి. గొంతును కూడా ఒక వాద్యంగానే వినాలి.

రెండో మెట్టు: ఒడియా చదువుకున్న పొరుగువారినో సహోద్యోగినో ఒక్కో పాట సారాంశం రెండు వాక్యాలలో అడగండి. పదానికి పదం అర్థం అక్కరలేదు. ఎవరు ఎవరితో ఏ సందర్భంలో చెబుతున్నారన్నది చాలు. జననం భక్తుడు దైవానికి మొరపెట్టుకునే పాట అని తెలియనివారు, దాని నిదానాన్ని బద్ధకంగా భావించే అవకాశం ఉంది.

మూడో మెట్టు: ఆ రచనా రూపపు నియమాలు తెలుసుకోండి. గంజాం ప్రాంతానికి చెందిన కవిసూర్య బలదేవ రథ్ రాసిన కిశోరచంద్రానన చంపువులో పాటలు "క" నుంచి "క్ష" వరకు అక్షరక్రమంలో ఉంటాయి. ఒక్కో పాటలో పాదాలన్నీ ఆ పాటకు కేటాయించిన అక్షరంతోనే మొదలవుతాయి. ఈ సంగతి తెలియనివారికి అదంతా ఒకే శబ్దం మళ్ళీ మళ్ళీ వస్తున్న విసుగులా తోచవచ్చు. తెలిసినవారు ఆ కట్టుబాటులోనే కవి ఎంత స్వేచ్ఛ సంపాదించాడో వింటారు. గాయకుడు ఆ మొదటి అక్షరాన్ని ప్రతిసారీ ఒకేలా ఎత్తుకుంటున్నాడా, మారుస్తున్నాడా అన్నది మార్కు వేయదగిన విషయం.

నాలుగో మెట్టు: ఒక సంప్రదాయపు గజంతో మరొక సంప్రదాయాన్ని కొలవకండి. కర్ణాటక కచేరీలకు అలవాటుపడిన చెవి ఒడిశా శాస్త్రీయ సంగీతమైన ఒడిస్సీ గానంలో మన గమకాల (స్వరాలను కదిలించే పద్ధతుల) కోసం వెతుకుతుంది, దొరకకపోతే లోటు అనుకుంటుంది. అదే సంప్రదాయంలో మరో ఇద్దరు గాయకులను విని, ఈ ఆల్బమ్‌ను వారితో పోల్చాలి. మన జానపద జముకుల కథ విన్న ఒడియా మిత్రుడు మనకు అదే గౌరవం ఇవ్వాలని కోరుకుంటాం కదా.

ఐదో మెట్టు: సాహిత్యం ఇంకా అందకపోతే, సాహిత్యపు మార్కును తీసివేసి మిగిలిన అంశాల మీదే మార్కు వేసి, పక్కన "సాహిత్యం కలపలేదు" అని రాయండి. అర్థం కానందుకు తగ్గించకూడదు. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది: అర్థం కాని భాషలో ప్రతి పాటా గొప్ప తత్త్వం చెబుతున్నట్టు అనిపించి ఒకటి రెండు మార్కులు ఎక్కువ పడుతుంటాయి. సారాంశం అడిగి తెలుసుకోవడం ఆ మోజును కూడా సరిచేస్తుంది.

7. మూడోసారి: కొన్ని రోజుల విరామం తర్వాత

రెండోసారికీ మూడోసారికీ మధ్య వారం రోజులైనా ఉంటే మంచిది. ఈ మధ్యలో ఏ పాట అనుకోకుండా నోటికి వస్తోందో గమనించండి. మూడోసారి పరికరం మార్చాలి: హెడ్‌ఫోన్స్‌తో విన్నవారు ఇంట్లో స్పీకరులో వినాలి. బస్సులో, రైలులో వినడం ఆనందం కోసమైతే అభ్యంతరం లేదు గాని, ఆ రొదలో మంద్రస్థాయి శబ్దాలు మునిగిపోతాయి కాబట్టి దాన్ని మార్కుల లెక్కలోకి తీసుకోవద్దు.

ఖాళీ వదిలిన గడులను ఇప్పుడు నింపండి. పాత మార్కును మార్చదలిస్తే చెరిపివేయకుండా పక్కనే కొత్తది రాయాలి.

8. పాటల మార్కుల నుంచి ఆల్బమ్ మార్కుకు

ముందుగా పది మార్కుల కొలబద్దకు మాటలలో అర్థం నిర్ణయించుకోవాలి. నేను వాడేది ఇది:

- 10: ఒక్క పాటను కూడా తీసివేయాలని గాని, చోటు మార్చాలని గాని అనిపించదు
- 9: ఒక చిన్న లోపం తప్ప అంతటా నిలకడగా ఉంది
- 8: మొత్తం మళ్ళీ వింటాను, ఇతరులకు కూడా సూచిస్తాను
- 7: సగానికి పైగా పాటలకు తిరిగి వస్తాను
- 6: రెండు మూడు పాటలు మాత్రం నాతో మిగులుతాయి
- 5: తప్పు పట్టలేను, తిరిగి వినను
- 4: లోపాలు వినడానికి అడ్డుపడుతున్నాయి
- 3, అంతకు తక్కువ: కారణాలు రాతపూర్వకంగా చూపగలిగితేనే

మనవారిలో చాలామందికి ఏడు అంటే "ఫరవాలేదు", ఎనిమిది అంటే "మర్యాదకు" అన్న అలవాటు ఉంది. అందరూ ఏడుకూ తొమ్మిదికీ మధ్యే తిరుగుతుంటే మార్కులకు పనే ఉండదు. ఐదు అవమానం కాదని మొదటే ఒప్పుకోవాలి.

తర్వాత సగటు. నిడివిలో పెద్ద తేడా లేని పాటలకు మామూలు సగటు సరిపోతుంది. తేడా ఎక్కువైతే నిడివిని కలపాలి. 12 నిమిషాల ఆలాపనకు 9 మార్కులు, 2 నిమిషాల తునకకు 4 మార్కులు వేశారనుకోండి. మామూలు సగటు 6.5 వస్తుంది. నిడివితో గుణిస్తే 108, 8 కలిపి 116. దాన్ని 14తో భాగిస్తే దాదాపు 8.3. మీ చెవి గడిపిన కాలానికి రెండో అంకే దగ్గర.

సగటు దగ్గరే ఆగిపోకూడదు. 9, 9, 8, 8, 7, 5, 5, 5 మార్కుల ఆల్బమ్‌కూ, అన్నీ 7లే ఉన్న ఆల్బమ్‌కూ సగటు 7 గానే వస్తుంది, కాని మొదటిది సగంలో జారిపోయిన ఆల్బమ్, రెండోది చివరి వరకు నిలిచినది. అందువల్ల పాటల వరుస, మొదలు ముగింపులు, మొత్తం మీద ఒక రూపం ఏర్పడిందా అన్నవి చూసి, సగటుకు ఒక మార్కుకు మించకుండా కలపడమో తీయడమో చేయండి. ఎంత కలిపారో, ఎందుకు కలిపారో రాయాలి. తుది మార్కులో అర మార్కు కంటే చిన్న తేడా చూపనక్కరలేదు, 7.3కీ 7.4కీ తేడా వినగలిగే చెవి ఎవరికీ ఉండదు.

సినిమా ఆల్బమ్‌లకు ఒక జాగ్రత్త: సినిమా చూసినవారు దృశ్యానికి కూడా మార్కు వేసేస్తారు. చూడని సినిమా అయితే విన్న తర్వాతే చూడండి, చూసిన సినిమా అయితే ఆ మాట మార్కు పక్కన రాయండి.

9. గుంపులో మార్కులు కలపడం

ఒకే ఆల్బమ్‌ను పదిమంది విన్నప్పుడు మార్కులు వాట్సాప్ గ్రూపులో బహిరంగంగా పెట్టకూడదు. పెద్దవారో, సంగీతం నేర్చుకున్నవారో మొదట ఎనిమిది అంటే, తర్వాతి మార్కులన్నీ ఆ ఎనిమిది చుట్టూ మూగుతాయి. ఒకరిని లెక్కల బాధ్యులుగా ఎంచుకుని, గడువు లోపల అందరూ వారికి విడిగా పంపాలి. సిఫారసు చేసినవారి మార్కును సగటులో కలపకుండా వేరుగా చూపడం మంచిది.

ఫలితం చెప్పేటప్పుడు సగటుతో పాటు అత్యధికం, అత్యల్పం, విన్నవారి సంఖ్య చెప్పాలి. 9, 9, 8, 4, 3, 3 మార్కులకు సగటు 6. ఆరుగురూ ఆరేసి వేసినా సగటు 6. మొదటి ఆల్బమ్ మీద మాట్లాడుకోవలసింది ఎంతో ఉంది, రెండోదాని మీద దాదాపు ఏమీ లేదు.

సంవత్సరాంతంలో వరుస నిర్ణయించేటప్పుడు తక్కువమంది విన్న ఆల్బమ్ అన్యాయంగా పైకి వస్తుంది. దానికి ఒక లెక్క ఉంది. గుంపు ఇప్పటిదాకా వేసిన మార్కులన్నిటి సగటు 6.5 అనుకోండి. ప్రతి ఆల్బమ్‌కూ 6.5 వేసిన ఐదుగురు ఊహా శ్రోతలను కలపండి. ముగ్గురు విని తొమ్మిదేసి వేసిన ఆల్బమ్‌కు 27, 32.5 కలిపి 59.5, ఎనిమిదితో భాగిస్తే 7.44. పన్నెండుమంది విని సగటున ఎనిమిది వేసిన ఆల్బమ్‌కు 96, 32.5 కలిపి 128.5, పదిహేడుతో భాగిస్తే 7.56. రెండోది పైన నిలుస్తుంది. మరికొంతమంది మొదటిదాన్ని విని అంతే మెచ్చుకుంటే అది దానంతట అదే పైకి వస్తుంది.

10. సూచించినవారికి జవాబు రాయడం

మార్కు ఒక్కటే పంపితే పరీక్ష ఫలితంలా ఉంటుంది. జవాబులో ఎన్నిసార్లు విన్నారు, ఏ పాటలో ఏ చోటు నిలిచింది, ఎక్కడ జారింది, మార్కు ఎంత అన్న వరుసలో నాలుగైదు వాక్యాలుండాలి. నమూనా ఇది:

"మాస్టారూ, మీరు చెప్పిన చంపూ ఆల్బమ్ మూడుసార్లు విన్నానండి. రెండో పాటలో మర్దళం మోత లేకుండా గొంతు ఒక్కటే ఎత్తుకున్న చోటు నాకు బాగా పట్టింది. నాలుగు, ఐదు పాటలు ఒకే నడకలో పక్కపక్కనే రావడం వల్ల మధ్యలో కొంచెం పలచబడింది. సాహిత్యం నాకు సారాంశం వరకే తెలుసు కాబట్టి దాన్ని కలపకుండా ఏడున్నర వేశాను. ఆ ఐదో పాటను మీరు ఎలా విన్నారో చెప్పండి, మళ్ళీ వింటాను."

తక్కువ మార్కు వేసినప్పుడు సాకులు చెప్పనక్కరలేదు, క్షమాపణలూ అక్కరలేదు. కారణం పాటలోని ఒక చోటును చూపిస్తే అవతలివారు ఆ చోటు గురించి మాట్లాడతారు. "నాకు ఎక్కలేదండి" అంటే తమ అభిరుచిని తప్పుపట్టారనుకుంటారు. సమీప బంధువులు పాడిన ఆల్బమ్‌కు మాత్రం మార్కు వేయకండి. వినండి, మెచ్చుకోండి, అంతే.

11. తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు, వాటి సవరణలు

అన్నిటికీ ఎనిమిదే పడుతోంది. ఇప్పటిదాకా మార్కులు వేసిన ఆల్బమ్‌ల పేర్లు చీటీల మీద రాసి, మార్కులు చూడకుండా నచ్చిన వరుసలో పేర్చండి. పై చీటీకీ కింది చీటీకీ ఒకే మార్కు ఉంటే కొలబద్దను సరిచేయాలి.

సిఫారసులు కుప్పపడుతున్నాయి. వచ్చిన తేదీ ప్రకారం జాబితా రాసి, ఒకటి పూర్తయ్యే దాకా మరొకటి మొదలుపెట్టకండి. వారానికి ఒకటి అన్నది ఉద్యోగస్తులు కూడా నిలబెట్టుకోగల వేగం.

మొదటి పాట దాటి వినలేకపోతున్నాను. మరో రోజు, మరో సమయంలో ఒక్కసారి ప్రయత్నించండి. అప్పటికీ సాగకపోతే "పూర్తిగా వినలేదు" అని రాసి వదిలేయాలి. సగం విన్నదానికి మార్కు ఉండదు.

పాటలు చిన్నప్పటి నుంచి విన్నవే. ఆ జ్ఞాపకాన్ని చెరపలేము. సూచించినవారికి కాకుండా, ఆ పాటలు ఎన్నడూ వినని కుర్రవారెవరికైనా వినిపించి, వారు రాసిన కారణాలను మీ కారణాల పక్కన పెట్టి చూడండి.

ఇద్దరి మార్కులకూ నాలుగు తేడా వచ్చింది. వాదించే ముందు ప్రచురణ, పాటల సంఖ్య, పరికరం, షఫుల్ సరిపోల్చండి. అవన్నీ కలిస్తేనే అభిరుచుల తేడా గురించి మాట్లాడాలి.

12. నోట్‌బుక్‌లో ఉంచవలసినవి

ఒక్కో ఆల్బమ్‌కు ఒక పేజీ చాలు. పై భాగంలో ఆల్బమ్ వివరాలు, సూచించినవారి పేరు, విన్న తేదీలు, పరికరం. మధ్యలో పాటల పట్టిక. కింద సగటు, కలిపిన లేదా తీసిన మార్కు, తుది మార్కు. పేజీ చివర మూడు వరుసలు ఖాళీగా వదలండి. ఏడాది గడిచాక పాత మార్కును కాగితంతో కప్పి ఆల్బమ్‌ను మరోసారి విని, కొత్త మార్కును ఆ ఖాళీలో రాసి, ఆ తర్వాతే కాగితం తీయాలి. తేడా ఒక మార్కు లోపల ఉంటే పాతదాన్నే ఉంచండి. అంతకు మించితే కొత్త మార్కును తేదీతో సహా లెక్కల బాధ్యులకు పంపి, గుంపు సగటును సరిచేయించండి.